ఈస్టులో ప్రమోటరు పనితీరు కొలవడం ఎలా: బీటా-గెలాక్టోసిడేజ్ పరీక్ష మొదటి నుంచి చివరి దాకా

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎమ్మెస్సీ పిల్లల నుంచి నాకు రెండే రకాల ఫోన్లు. "పసుపు రంగు వచ్చింది మాస్టారూ, ఇప్పుడేటి రాయాలి?" అన్నది ఒకటి. "గ్లూకోజులో కూడా పసుపు వచ్చేసింది, ఏటి చేయాలి?" అన్నది రెండోది. ఇద్దరినీ నేను తిరిగి అడిగేది ఒకటే: ఆ పసుపు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ట్యూబులు పక్కన పెట్టారా? చాలామంది పెట్టరు. మూడు నెలల కష్టం అక్కడే పోతుంది. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

సిద్ధాంతం ఇంతే. పొలానికి నీళ్లొదిలే తూము ఎంత ఎత్తారో ఇంటి దగ్గర కూర్చుంటే తెలియదు. మడిలో ఎంత నీరు చేరిందో కొలిస్తే తెలుస్తుంది. జన్యువు ముందుండి అది ఎంత పనిచేయాలో నిర్ణయించే డీఎన్‌ఏ ముక్కే ప్రమోటరు, అది తూము లాంటిది. దాని కింద మనం అతికించే రిపోర్టరు జన్యువు నుంచి తయారయ్యే ఎంజైము మడిలో చేరే నీరు. ఈ.కోలై నుంచి తీసుకున్న లాక్‌జెడ్ జన్యువు బీటా-గెలాక్టోసిడేజ్‌ను తయారు చేస్తుంది. ఆ ఎంజైము రంగులేని ఓఎన్‌పీజీ అనే రసాయనాన్ని విడగొడితే పసుపు రంగు ఆర్థోనైట్రోఫినాల్ వస్తుంది. దాన్ని 420 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. శాకరోమైసిస్ సెరివిసియే ఈస్టుకు సొంతంగా ఈ ఎంజైము లేదు, అందుకే ఈ పద్ధతి నడుస్తుంది. పాలలోని లాక్టోజును తినగలిగే క్లూవెరోమైసిస్ లాక్టిస్ ఈస్టుకు ఉంది కాబట్టి దానితో ఇలా చేయడం కుదరదు.

నేర్చుకోవడానికి గెలాక్టోజును వాడుకునే గాల్1 జన్యువు ప్రమోటరుతో మొదలుపెట్టండి. గెలాక్టోజు ఉంటే గాల్4 ప్రొటీను దాన్ని గట్టిగా నడిపిస్తుంది. గ్లూకోజు ఉంటే మిగ్1 అనే ప్రొటీను వచ్చి అణిచేస్తుంది. రాఫినోజులో అటూ ఇటూ కాదు: గాల్4 డీఎన్‌ఏ మీద కూర్చునే ఉంటుంది, కానీ గాల్80 అనే ఇంకో ప్రొటీను దాన్ని కదలనివ్వదు. మూడు చక్కెరలకు మూడు వేర్వేరు జవాబులు రావాలి. అవి రాకపోతే తప్పు మీ చేతిలోనో మీ మీడియాలోనో ఉందన్నమాట. అది సరిదిద్దుకున్నాకే మీ సొంత ప్రమోటరు దగ్గరికి వెళ్లండి.

కావలసినవి

స్ట్రెయిను: బీవై4741 లేదా డబ్ల్యూ303. "బేకరీలో దొరికే ఈస్టు ప్యాకెట్టుతో చేయొచ్చా?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. కుదరదు. ప్లాస్మిడ్ (మన జన్యువును మోసే చిన్న డీఎన్‌ఏ చుట్ట) ఎక్కిందో లేదో తెలియాలంటే, యురాసిల్ తయారీకి కావలసిన యూరా3 లాంటి జన్యువు పాడైన స్ట్రెయిను ఉండాలి. బేకరీ ఈస్టులో ఆ జన్యువులన్నీ చక్కగా పనిచేస్తూ ఉంటాయి. రెండు ప్రొటీన్లు అతుక్కుంటాయో లేదో చూసే టూ-హైబ్రిడ్ పరీక్షల కోసం తెచ్చిన స్ట్రెయిను ల్యాబులో ఉంది కదా అని దాన్ని వాడేయకండి. వాటిలో చాలావాటికి గాల్4, గాల్80 రెండూ తీసేసి ఉంటాయి, గాల్1 ప్రమోటరు నోరు విప్పదు.

ప్లాస్మిడ్: ప్రమోటరు లేని లాక్‌జెడ్ వెక్టరు. వైఈపీ 356, 357, 358 మూడూ యూరా3 మార్కరుతో, మూడు వేర్వేరు రీడింగ్ ఫ్రేములతో (బేసులను మూడేసిగా చదివే వరసలతో) ఉంటాయి.

మీడియా: యురాసిల్ లేని సింథటిక్ మీడియా (అమోనియం సల్ఫేటు కలిసిన ఈస్ట్ నైట్రోజన్ బేస్ లీటరుకు 6.7 గ్రాములు), రాఫినోజు, గెలాక్టోజు, గ్లూకోజు. చక్కెరలను 20% ద్రావణాలుగా విడిగా చేసి ఫిల్టరుతో శుద్ధి చేసుకోండి. మీడియాతో కలిపి ఆటోక్లేవ్ చేస్తే గోధుమరంగుకు తిరుగుతాయి.

జెడ్ బఫరు, ఒక లీటరుకు: డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 60 మిల్లీమోలార్, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 40, పొటాషియం క్లోరైడ్ 10, మెగ్నీషియం సల్ఫేట్ 1 మిల్లీమోలార్. పీహెచ్ 7.0. ఇక్కడ ఒక గోతి ఉంది. ప్రోటోకాల్‌లో 16.1 గ్రాములు, 5.5 గ్రాములు అని కనిపిస్తే, అవి ఏడు నీటి అణువులున్న లవణానికీ ఒక నీటి అణువున్న లవణానికీ వేసిన లెక్కలు. మన స్టోర్సులో ఎక్కువగా ఉండేవి వేరు. నీరు లేని డైసోడియం లవణమైతే 8.5 గ్రాములు, రెండు నీటి అణువులున్న సోడియం డైహైడ్రోజన్ లవణమైతే 6.24 గ్రాములు వేయాలి. సీసా మీద అణుభారం చదవకుండా తూచకండి. సోడియం ఫాస్ఫేట్ లేదని పొటాషియం ఫాస్ఫేట్ వేయకండి, తర్వాత వేసే ఎస్‌డీఎస్ తెల్లగా పేరుకుపోతుంది.

ఇంకా: బీటా-మెర్కాప్టోఇథనాల్, ఓఎన్‌పీజీ, 1 మోలార్ సోడియం కార్బొనేట్, క్లోరోఫాం, 0.1% ఎస్‌డీఎస్. 420, 600 నానోమీటర్లు చదివే స్పెక్ట్రోఫొటోమీటరు. అది లేని కాలేజీల్లో 420 ఫిల్టరున్న కలరీమీటరు సరిపోతుంది. అయితే ఆర్థోనైట్రోఫినాల్‌తో ఒక స్టాండర్డ్ గీత గీసుకుని, దాని మీద చదువుకోండి.

జన్యుమార్పిడి చేసిన జీవులతో పని కాబట్టి మీ సంస్థలోని బయోసేఫ్టీ కమిటీ అనుమతి ముందే తీసుకోండి.

పని వరస

1. ప్రమోటరు ముక్కను ఎంచుకోవడం. ఈస్టు ప్రమోటర్లు పొట్టివి. జన్యువు చదవడం మొదలయ్యే ఏటీజీకి ముందు 500 నుంచి 1000 బేసులు తీసుకుంటే చాలావాటికి సరిపోతుంది. పైన పొరుగు జన్యువు ఎక్కడ అయిపోతుందో కూడా చూసుకోండి. గాల్1, గాల్10 జన్యువులు వీపులు ఆనించుకుని ఎదురు దిక్కులకు ఉంటాయి. మధ్యలో ఉన్న సుమారు 670 బేసుల్లోనే ఇద్దరి ప్రమోటర్లూ, గాల్4 కూర్చునే నాలుగు చోట్లూ ఉన్నాయి. అక్కడ 1000 తీసుకుంటే పొరుగు జన్యువులోకి వెళ్లిపోతారు.

2. అతికించడం. పైన చెప్పిన వెక్టర్లలో లాక్‌జెడ్‌కు సొంత ఏటీజీ లేదు. మీ ప్రమోటరుతో పాటు మీ జన్యువు ఏటీజీనీ తర్వాతి కొన్ని కోడాన్లనూ తేవాలి, ఫ్రేము కలవాలి. ఒక్క బేసు తప్పితే ప్రమోటరు ఎంత బాగా పనిచేసినా పసుపు రాదు. పీసీఆర్‌తో చేసిన ముక్కను తప్పకుండా సీక్వెన్సింగుకు పంపండి. ఆ ఖర్చు దగ్గర వెనకాడి, పీసీఆర్ చేసిన తప్పును ప్రమోటరు గుణంగా రాసుకున్నవాళ్లు నాకు తెలుసు.

3. ఈస్టులోకి ఎక్కించడం. లిథియం ఎసిటేట్ పద్ధతి చాలు. 50% పెగ్ 3350 240 మైక్రోలీటర్లు, 1 మోలార్ లిథియం ఎసిటేట్ 36, మరిగించి ఐసులో పెట్టిన క్యారియర్ డీఎన్‌ఏ (మి.లీ.కు 2 మి.గ్రా.) 50, మీ ప్లాస్మిడ్, నీరు కలిపి 34. 42 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. యురాసిల్ లేని ప్లేటు మీద పరిస్తే 30 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజుల్లో కాలనీలు వస్తాయి. ఐసు యంత్రం లేకపోతే చేపల రేవు నుంచి ఐసు ముక్కలు తెచ్చుకోండి. ట్యూబులు చల్లగా ఉంచడానికి అది చాలు, ట్యూబు మూత మాత్రం గట్టిగా ఉండాలి.

ఒక్క కాలనీతో సరిపెట్టకండి. కనీసం మూడు వేర్వేరు కాలనీలు తీసుకోండి. వైఈపీ రకం ప్లాస్మిడ్లు కణానికి ఇన్నే ఉంటాయన్న నియమం లేదు. ఒక కాలనీలో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ ఉంటాయి. ఈ గోల వద్దనుకుంటే సెంట్రోమియర్ ప్లాస్మిడ్ వాడండి, కణానికి ఒకటి రెండే ఉంటాయి. ఇంకా మంచిది క్రోమోజోములో కలిపేయడం. ప్లాస్మిడ్‌ను యూరా3 లోపల కోసి కలపాలనుకుంటే బీవై4741 పనికిరాదు. అందులో యూరా3 పూర్తిగా తీసేశారు, అతుక్కోవడానికి పోలిక లేదు. డబ్ల్యూ303లో పాడైన యూరా3 మిగిలే ఉంది కాబట్టి కుదురుతుంది.

4. పెంచడం. పరీక్ష గెలిచేదీ ఓడేదీ ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

రాత్రి: 2% రాఫినోజుతో యురాసిల్ లేని మీడియాలో కాలనీ వేసి 30 డిగ్రీల దగ్గర షేకరులో పెట్టండి. అన్నీ ఉన్న వైపీడీ మీడియాలో పెంచకండి. తిండి పుష్కలంగా ఉంటే ప్లాస్మిడ్‌ను మోసే అవసరం ఈస్టుకు ఉండదు, వదిలేస్తుంది.

పొద్దున్న: 600 దగ్గర ఓడీ (కణాలు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే రీడింగు) 0.2కు పలచన చేసి, 0.4 వచ్చేదాకా పెంచండి. తర్వాత మూడు ఫ్లాస్కుల్లో 9 మి.లీ. చొప్పున పంచండి. ఒకదాంట్లో 20% గెలాక్టోజు 1 మి.లీ., రెండోదాంట్లో 20% గ్లూకోజు 1 మి.లీ., మూడోదాంట్లో 20% రాఫినోజు 1 మి.లీ. మూడు గంటలు షేకరులో ఉంచండి.

రాత్రి గ్లూకోజులో పెంచి పొద్దున్న గెలాక్టోజులోకి మార్చడం చాలామంది చేసే పొరపాటు. గ్లూకోజు అణిచివేత నుంచి తేరుకోవడానికే గంటలు పడుతుంది. మీరు మూడు గంటలకు కొలిచి "గెలాక్టోజులో రాలేదు" అంటారు. రాఫినోజు ఖరీదే, కాదనను. దొరక్కపోతే 3% గ్లిసరాల్‌లో పెంచుకోండి, నెమ్మదిగా పెరుగుతుంది గానీ పని అవుతుంది. ఇక గెలాక్టోజు కొనేటప్పుడు అందులో గ్లూకోజు ఎంత కలిసి ఉందో చూడండి. నాసిరకం గెలాక్టోజులో ఉండే కొద్దిపాటి గ్లూకోజు మొదటి గంటల్లో ప్రమోటరును లేవనివ్వదు.

కరెంటు పోతే? ఐదు పది నిమిషాలైతే ఫ్లాస్కులన్నిటినీ చేత్తో తిప్పుతూ ఉండండి. అంతకు మించితే ఆ రోజు వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. గాలి అందక అడుక్కు దిగిన ఈస్టు ఇచ్చే అంకె మీ ప్రమోటరుది కాదు.

5. కణాలు తీయడం. ప్రతి ఫ్లాస్కు ఓడీ విడివిడిగా చదివి రాసుకోండి. గ్లూకోజులో ఈస్టు వేగంగా పెరుగుతుంది, మూడింటికీ ఒకే ఓడీ వేయకూడదు. రీడింగు 0.6 దాటితే పలచన చేసి చదివి గుణించండి. 1 మి.లీ. కణాలు సెంట్రిఫ్యూజులో దింపి, జెడ్ బఫరుతో ఒకసారి కడిగి, 1 మి.లీ. జెడ్ బఫరులో కలపండి. మీడియా మిగిలితే అందులోని గెలాక్టోజు ఎంజైముకు కొంత అడ్డు తగులుతుంది, అందుకే కడగమంటున్నాను. గెలాక్టోజు ఫ్లాస్కు నుంచి మాత్రం 0.1 మి.లీ. కణాలే తీసుకోండి. గాల్1 చాలా బలమైంది, ఎక్కువ వేస్తే చూసేలోపే ముదురు పసుపైపోతుంది.

6. కణాలకు చిల్లులు పెట్టడం. జెడ్ బఫరులో బీటా-మెర్కాప్టోఇథనాల్‌ను ఆ రోజు వాడే భాగానికే, ఆ రోజే కలపండి: 100 మి.లీ.కు 0.27 మి.లీ. వాసన ఘాటు, విషం కూడా. ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. ప్రతి ట్యూబులో క్లోరోఫాం 50 మైక్రోలీటర్లు, 0.1% ఎస్‌డీఎస్ 50 మైక్రోలీటర్లు వేసి 15 సెకన్లు వోర్టెక్స్ చేయండి. అన్ని ట్యూబులకూ ఒకే సమయం. గాజు ట్యూబులు గానీ పాలీప్రొపిలీన్ ట్యూబులు గానీ వాడండి. పాలీస్టైరీన్ క్లోరోఫాంకు కరిగి మసకబారుతుంది.

క్లోరోఫాం వద్దనుకుంటే కణాలను లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి కరిగించడం ఇంకో దారి. రెండు మూడు సార్లు చేయాలి. మా వైపు చాలా కాలేజీల్లో లిక్విడ్ నైట్రోజన్ ఉండదు. పశువుల ఆసుపత్రుల్లో ఎద్దుల వీర్యం నిల్వ చేయడానికి వాడతారు. లేఖ రాసి మర్యాదగా అడిగితే కొద్దిగా ఇవ్వొచ్చు. తెచ్చేటప్పుడు మూత బిగించిన పాత్రలో పోయకండి, పేలుతుంది.

7. రంగు చూడడం. ట్యూబులను 30 డిగ్రీల వాటర్ బాత్‌లో 5 నిమిషాలు ఉంచి, ఓఎన్‌పీజీ (మి.లీ.కు 4 మి.గ్రా., ఆ రోజు కలిపింది) 0.2 మి.లీ. వేసి గడియారం చూడండి. ట్యూబు ట్యూబుకూ 20 సెకన్లు ఎడం ఇస్తే ఆపేటప్పుడు తికమక ఉండదు. లేత పసుపు రాగానే 1 మోలార్ సోడియం కార్బొనేట్ 0.5 మి.లీ. వేసి ఆపండి, నిమిషాలు రాయండి. కార్బొనేట్ పీహెచ్ పెంచుతుంది కాబట్టి ఎంజైము ఆగిపోతుంది, పసుపు ఇంకాస్త చిక్కబడుతుంది. నిమ్మపండు రంగు దాకా ఆగొద్దు.

మే నెలలో ఒక చిక్కుంది. మన గదులే 36, 37 డిగ్రీలు ఉంటే వాటర్ బాత్ 30కి దిగలేదు, దానికి వేడిచేయడమే తెలుసు. ఏసీ గదిలో పెట్టండి, లేదా పొద్దున్నే చేయండి. థర్మామీటరు నీళ్లలో పెట్టి చూడండి, డయలు మీద అంకెను నమ్మకండి.

8. చదవడం. సెంట్రిఫ్యూజులో 5 నిమిషాలు తిప్పి, పైన తేటను మాత్రమే తీయండి. క్లోరోఫాం బరువు, అడుగున ఉంటుంది. కణాల చెత్త మధ్యలో తెట్టుగా ఉంటుంది. క్యువెట్‌లోకి ఒక్క క్లోరోఫాం చుక్క వెళ్లినా రీడింగు ఎక్కడికో పోతుంది. 420 దగ్గర 0.1 నుంచి 0.9 లోపు వచ్చినవే నమ్మండి. 0.9 దాటితే సమయమో కణాలో తగ్గించి మళ్లీ చేయండి.

9. లెక్క. మిల్లర్ యూనిట్లు (ఈ ఎంజైము పనికి వాడే కొలత) = 1000 × 420 దగ్గర రీడింగు ÷ (నిమిషాలు × తీసుకున్న కల్చరు మి.లీ. × 600 దగ్గర ఓడీ). కణాలను సెంట్రిఫ్యూజులో దింపేస్తాం కాబట్టి కణాల మసకకు 550 దగ్గర చేసే దిద్దుబాటు అక్కర్లేదు.

లెక్క పద్ధతి కోసం ఊహించిన అంకెలు ఇవి. గెలాక్టోజు: రీడింగు 0.48, 6 నిమిషాలు, 0.1 మి.లీ., ఓడీ 0.8. లెక్క కడితే 480ని 0.48తో భాగించినట్టు, 1000 యూనిట్లు. గ్లూకోజు: రీడింగు 0.048, 120 నిమిషాలు, 1 మి.లీ., ఓడీ 0.8. 48ని 96తో భాగిస్తే 0.5. వెంటనే "2000 రెట్లు పెరిగింది" అని రాసేస్తారు. ఆగండి. 0.048 అన్నది 0.1 కంటే తక్కువ. కణాలు వేయని ఖాళీ ట్యూబు రీడింగు ఇటు అటు ఊగినా ఆ అంకె సగమవుతుంది లేదా రెట్టింపవుతుంది, 2000 కాస్తా 1000 గానో 4000 గానో మారుతుంది. "గ్లూకోజులో 1 యూనిట్ కంటే తక్కువ" అని రాయడం నిజాయితీ. రెట్ల లెక్క కావాలంటే కణాలను 5 రెట్లు చిక్కగా చేసి మళ్లీ కొలవండి, అప్పుడు సూత్రంలో మి.లీ. దగ్గర 5 వేయండి.

పక్కన తప్పనిసరిగా ఉండాల్సిన ట్యూబులు

కణాలు లేకుండా అన్నీ వేసిన ట్యూబు: ఇదే మీ ఖాళీ ట్యూబు. ఇందులోనే పసుపు వస్తే ఓఎన్‌పీజీ పాతది.

ప్లాస్మిడ్ లేని ఈస్టు: ఇందులో పసుపు రాకూడదు. ఇది యురాసిల్ ఉన్న మీడియాలో పెరగాలి, మర్చిపోకండి.

ప్రమోటరు లేని లాక్‌జెడ్ వెక్టరున్న ఈస్టు: ఇది ఎంత ఇస్తుందో అంతా వెక్టరు సొంత శబ్దం. మీ ప్రమోటరు అంకె ఇంతకంటే స్పష్టంగా పైన ఉంటేనే అది ప్రమోటరు మాట.

గాల్1 ప్రమోటరున్న ఈస్టు, మూడు చక్కెరల్లో: మీ సొంత ప్రమోటరును పరీక్షించే ప్రతి రోజూ ఇది ఉండాలి. ఆ రోజు మీ చేతులు, మీ బఫరు పనిచేశాయనడానికి ఇదే సాక్ష్యం.

ఫలితం సరైనదేనా అని చూసుకోవడం

రెండు చిన్న పరీక్షలు చాలు. ఒకే కణాలతో 5, 10, 20 నిమిషాలకు ఆపిన మూడు ట్యూబులు చదవండి. రీడింగు సమయంతో పాటు రెట్టింపవుతూ పోవాలి, యూనిట్లు మాత్రం మారకూడదు. అలాగే కణాలు రెట్టింపు చేస్తే రీడింగూ రెట్టింపవ్వాలి. ఈ రెండూ కుదిరితే ఆ అంకెను ఎవరి ముందైనా పెట్టొచ్చు. మూడు కాలనీలు, వేర్వేరు రోజుల్లో మూడు సార్లు చేసి సగటుతో పాటు తేడా కూడా ఇవ్వండి. ఒకే ఫ్లాస్కు నుంచి మూడు ట్యూబులు తీసి "మూడు సార్లు చేశాను" అనకండి. అవి మీ పిపెట్ ఎంత నిలకడగా ఉందో చెబుతాయి, అంతే.

పసుపు అసలు రాలేదా? క్లోరోఫాం మర్చిపోయారేమో, బఫరు పీహెచ్ తప్పిందేమో చూడండి. గాల్1 ట్యూబు పసుపెక్కి మీది మాత్రమే ఎక్కకపోతే ఫ్రేము తప్పి ఉండొచ్చు, సీక్వెన్సు తీయండి.

గ్లూకోజులో కూడా వచ్చిందా? ముందు ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టండి. ఈస్టు కణాల మధ్య సన్నటి కడ్డీలు కదులుతుంటే అవి బ్యాక్టీరియా. వాటిలో కొన్నిటికి సొంత బీటా-గెలాక్టోసిడేజ్ ఉంటుంది, ఆ పసుపు వాటిదే. ఉక్కపోత నెలల్లో నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి జవాబు ఇదే. బ్యాక్టీరియా లేకపోతే ప్రమోటరు లేని వెక్టరు ట్యూబు చూడండి. అది కూడా పసుపైతే తప్పు వెక్టరుది, సెంట్రోమియర్ ప్లాస్మిడ్‌కు మారండి.

ప్రమోటరులో ఏ ముక్క ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఒక చివర నుంచి కొంచెం కొంచెం కోస్తూ ఇదే పరీక్ష చేస్తారు. కోత వల్ల అంకె పడిపోతే "ఇక్కడ ఆక్టివేటరు కూర్చుంటుంది" అని వెంటనే అనకండి. మిగిలిన ముక్కల మధ్య దూరం మారినా పడిపోవచ్చు. అదే చోట నాలుగైదు బేసులు మార్చి, పొడవు మార్చకుండా మళ్లీ చూడండి. గాల్4 కూర్చునే చోటు 17 బేసులు: ఇటు చివర సీజీజీ, అటు చివర సీసీజీ, మధ్యలో 11. ఆ చివరి మూడు బేసులు మార్చి చూస్తే పద్ధతి అర్థమవుతుంది.

ఈ పరీక్ష చెప్పలేనిది ఒకటి ఉంది. తూము మూసేసినా మడిలో నీళ్లు వెంటనే ఇంకిపోవు. బీటా-గెలాక్టోసిడేజ్ ఈస్టులో చాలా సేపు నిలబడుతుంది. గెలాక్టోజులో ఉన్న కణాలకు గ్లూకోజు వేసి, "అరగంటైనా తగ్గలేదు, ప్రమోటరు ఆగలేదు" అని రాస్తే తప్పు. ప్రమోటరు ఆగడాన్ని చూడాలంటే ఆర్ఎన్ఏను కొలవాలి, లేదా త్వరగా విరిగిపోయేలా తయారు చేసిన రిపోర్టరు వాడాలి. ఒక్కొక్క కణాన్ని చూడాలంటే ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రొటీను మంచిది. డబ్ల్యూ303లో అడెనిన్ తయారీకి కావలసిన ఏడీఈ2 జన్యువు పాడై ఉంటుంది, అడెనిన్ చాలకపోతే ఎర్రటి రంగు పేరుకుని ఆ వెలుగు కొలతను చెడగొడుతుంది. మీడియాలో అడెనిన్ ఎక్కువ వేయండి.

10. పారేయడం, దాచడం. కల్చర్లన్నీ ఆటోక్లేవ్ చేశాకే పారబోయండి. క్లోరోఫాం కలిసిన ట్యూబులు ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, సింకులో పోయకూడదు. విడిగా సీసాలో పోగుచేసి రసాయన వ్యర్థాల వాళ్లకు ఇవ్వండి.

స్ట్రెయిన్లను 15% గ్లిసరాల్‌లో మైనస్ 80 దగ్గర ఉంచాలి. కానీ ఒక్క ఫ్రీజరునే నమ్ముకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటాక చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. నేను దాచుకున్న స్ట్రెయిన్లు చాలా ఆ వారంలోనే పోయాయి. అప్పటి నుంచి ప్రతి స్ట్రెయినుకూ రెండు అగార్ స్లాంట్లు చేసి ఒకటి వేరే ఊళ్లో తెలిసినవాళ్ల ల్యాబులో ఉంచుతున్నాను. ప్లాస్మిడ్ అయితే ఇంకా సులువు: ఫిల్టరు పేపరు మీద ఒక చుక్క వేసి ఆరబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీత గీసి, కవరులో పెట్టుకోవచ్చు. పేరు, తేదీ కూడా పెన్సిలుతోనే రాయండి. పెన్ను సిరా మీద ఆల్కహాలు చుక్క పడితే చెరిగిపోతుంది.